పైలటమ్మ జేబుకు చిల్లు

రైల్లో ఎదురుసీటు వాళ్లు "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగినప్పుడల్లా నాకు నవ్వు ఆగేది కాదు. టీచరునని అబద్ధం చెప్తే కావలి దాటేలోపు వాళ్ల పిల్లాడి లెక్కల పుస్తకం నా ఒళ్లో పడుతుంది. నిజం చెప్తే ఇంకా కష్టం. "యుద్ధంలో విమానాలు నడిపిన ఆడవాళ్ల టోపీలు, కళ్లద్దాలు, కోట్లు వెతికి, అసలువో కావో తేల్చి, మ్యూజియాలకూ సేకరించేవాళ్లకూ అందిస్తానండీ" అనేదాన్ని. వాళ్లు కాసేపు నా మొహం చూసి, "అయితే గవర్నమెంటు జాబేనా?" అనేవారు.

కాదు. గవర్నమెంటు జాబు కాదు. ఆ మాట మా అమ్మకు కడదాకా మింగుడు పడలేదు.

నెల్లూరులో కొట్టు మూసేశాక ఇప్పుడు కుర్రవాళ్లు వస్తున్నారు. మ్యూజియం చదువులు చదివారట. చేతిలో ఫోను, కళ్లల్లో మెరుపు. "మేడమ్, ఈ ఫీల్డులోకి రావాలంటే ఏం కావాలి?" అంటారు. చెప్తాను, కూర్చోండి. కస్టమ్స్ కాగితాల గురించి మాత్రం అడగొద్దు, అవి తలుచుకుంటే నాకు బీపీ పెరుగుతుంది. నాకు బుద్ధి చెప్పిన ఒక బాసు, ఒక తప్పు, ఒక గొర్రె, ఈ మూడింటి గురించి చెప్తాను. గొర్రె సంగతి ఆఖర్న వస్తుంది, తొందరపడకండి.

శివలింగం గారి గుడ్డసంచి

మా నాన్నది పాత సామాన్ల కొట్టు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న సరుకును డిస్పోజల్స్ అనేవారు. గుడారాలు, బూట్లు, నీళ్ల సీసాలు, అన్నీ మద్రాసులో వేలం వేస్తే నాన్న లారీకెత్తి తెచ్చేవాడు. నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న రోజుల్లో, ఎవరూ విప్పని ఒక పెట్టె అడుగున తోలు టోపీ దొరికింది. విమానం నడిపేవాళ్లు చెవులు కప్పేలా పెట్టుకునే టోపీ. లోపలి గుడ్డలో ఒక హెయిర్‌పిన్ను గుచ్చుకుని ఉంది.

"ఎవడి పెళ్లాం పిన్నో అయ్యుంటుందిలే" అన్నాడు నాన్న.

నాకు నమ్మకం కుదరలేదు. టోపీని చేతిసంచిలో పెట్టుకుని మద్రాసు బస్సెక్కాను. అక్కడ యుద్ధకాలపు వస్తువులు అమ్మే శివలింగం గారని ఒకాయన ఉండేవాడు. బక్కగా, చెవుల్లో వెంట్రుకలతో, ఎప్పుడూ కోపంగా ఉండే మనిషి. టోపీ అందుకుని పైన చూడనే లేదు. తిరగేసి, టార్చి వేసి, ముక్కు లోపల పెట్టి వాసన చూశాడు.

"పౌడర్" అన్నాడు. "ఆడపిల్ల పెట్టుకున్న టోపీ ఇది. యుద్ధంలో ఎక్కడెక్కడి సరుకో వచ్చి మద్రాసు హార్బరులో కలిసిపోయిందమ్మా. ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు."

ఆ రోజే ఆయన దగ్గర పనికి కుదిరాను.

ఆయన నేర్పింది ఒకే ఒక్క సంగతి. ఆ రోజుల్లో పైలట్ల బట్టలన్నీ మగవాళ్ల కొలతలతో కుట్టేవారు. ఇంగ్లాండులో ఫ్యాక్టరీ నుంచి యుద్ధ విమానాన్ని తీసుకుని, రేడియో కూడా లేకుండా, కింద రైలు పట్టాలు చూసుకుంటూ స్థావరానికి చేర్చిన ఆడపిల్లలున్నారు. రష్యాలో చీకట్లో వెళ్లి బాంబులు వేసి వచ్చినవాళ్లున్నారు. వాళ్లందరికీ ఇచ్చింది మాత్రం మగవాడి చొక్కా, మగవాడి కోటు. అందుకే వాళ్లే సూదీ దారం పట్టారు. చేతులు మడిచి కుట్టుకున్నారు, నడుము దగ్గర కుచ్చు వేసుకున్నారు, పట్టీకి ఇంకో కన్నం పొడుచుకున్నారు.

"పైన సర్కారు కుట్టింది. లోపల ఆమె కుట్టింది. లోపల చూడమ్మా!" అని అరిచేవాడు. రోజూ ఒక వస్తువు గుడ్డసంచిలో వేసి, చూడకుండా చెయ్యి పెట్టి ఏమిటో చెప్పమనేవాడు. చెప్పలేకపోతే ఆ పూట కాఫీ కట్.

మనిషిగా ఆయన్ను మెచ్చుకోమంటే నా వల్ల కాదు. పిసినారి, నోటిదురుసు. నేను బాగా చేసిన రోజున కూడా "సరే" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. కానీ దొంగ సరుకును అసలుదని ఒక్కసారి కూడా అమ్మలేదు. తర్వాత తియ్యగా మాట్లాడే బాసులను కూడా చూశాను, వాళ్ల దగ్గర నేర్చుకున్నది మాత్రం ఏమీ లేదు.

ఉల్లిపాయల కళ్లద్దాలు

కొన్నాళ్లకు నెల్లూరు తిరిగొచ్చి నాన్న కొట్టులోనే నా బోర్డు పెట్టుకున్నాను. ఊరంతా నవ్వింది. నవ్వినా కబురు మాత్రం నలుగురికీ పాకింది. పులికాట్ సరస్సు వైపు చేపలు పట్టే గంగయ్య ఒకసారి ఫోను చేశాడు.

"అక్కా, మా అవ్వ కాడ పైలెట్ అద్దాలు ఉండాయి. మా తాత యుద్ధం అప్పుడు హార్బరులో పన్జేసినాడంట, ఆడ దొరికినాయంట. నువ్వొచ్చి చూసుకో."

వెళ్లాను. వాళ్లింట్లో పెళ్లి పనులు జరుగుతున్నాయి. పెరట్లో ముసలవ్వ ఉల్లిపాయల గుట్ట ముందు పీట వేసుకుని, కళ్లకు పైలట్ అద్దాలు పెట్టుకుని టకటకా తరుగుతోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ కళ్లు కారిపోతుంటే, అవ్వ మాత్రం దర్జాగా పాట పాడుకుంటోంది. నాకు నవ్వాగక గోడ పట్టుకోవాల్సి వచ్చింది. తరతరాలుగా ఆ ఇంట్లో అవి ఉల్లిపాయల కళ్లద్దాలట!

పట్టీ తిప్పి చూస్తే చేత్తో కుట్టి పొట్టి చేసిన గుర్తుంది. కళ్ల చుట్టూ ఉన్న మెత్తటి తోలు మీద లేత గులాబీ రంగు పౌడర్ మరక ఉంది. అవ్వను బతిమాలి, మెత్తబడేదాకా కూర్చుని, అద్దాలు తెచ్చుకున్నాను. ఆ సంతోషంలో ఏం చేశానో తెలుసా? ఉల్లిపాయ వాసన పోవాలని సబ్బునీళ్లతో శుభ్రంగా తోమి, ఎండబెట్టి, తళతళలాడించి శివలింగం గారి దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆయన చూసి తల పట్టుకుని కూలబడిపోయాడు. అరవలేదు కూడా.

"ఆ పిల్లను కడిగేసినావే అమ్మా" అన్నాడు.

పౌడర్ మరక పోయింది. దాంతో పాటే ఆమె కూడా పోయింది. మిగిలినవి ఎవరివో తెలియని పాత అద్దాలు. అందుకే చెప్తున్నాను, వినండి: కడగొద్దు, కుట్టొద్దు, అతికించొద్దు. మరక కనిపిస్తే దండం పెట్టుకోండి, చెరిపెయ్యకండి.

అవ్వ మాత్రం నన్ను వదల్లేదు. బదులుగా ఈతకొట్టేవాళ్ల అద్దాలు కొనిచ్చాను. వారం తిరక్కుండా ఫోను. "యాడ తెచ్చినావు ఈటిని? కళ్లు పిండేస్తా ఉండాయి. నా అద్దాలు నాకియ్యి!" ఇచ్చేశాను. ఎలాగూ వాటితో చెయ్యడానికి ఉల్లిపాయలు తరగడమే మిగిలింది కదా.

నెల్లూరుకు గొర్రెతోలు కోటు

కొట్టు మూసేద్దామనుకుంటున్న ఏడాదిలో ఇంగ్లాండు నుంచి జేన్ అనే ఆవిడ వీడియో కాల్ చేసింది. ఆమె మేనత్త పేరు డాఫ్నీ. యుద్ధంలో ఫ్యాక్టరీల నుంచి విమానాలు చేరవేసిన పైలట్. వందేళ్లకు దగ్గరపడింది, మంచం దిగడం లేదు. బుర్ర మాత్రం చాకులా ఉంది.

డాఫ్నీ గారికి ఒక కోటు ఉండేది. పైన తోలు, లోపల దట్టమైన గొర్రెబొచ్చు. యుద్ధమయ్యాక ఆమె ఊళ్లో లేనప్పుడు వాళ్లమ్మ దాన్ని పాతబట్టల మూటలో పెట్టి, క్రైస్తవ మిషన్ వాళ్ల ద్వారా పేదలకు పంపించేసింది. ఎక్కడికి? ఆ తల్లికి ఒక్క పేరే గుర్తుందట, నెల్లూరు.

నేను పడీ పడీ నవ్వాను. నెల్లూరుకు గొర్రెతోలు కోటు! మా రోహిణి ఎండల్లో ఒంటి మీద చర్మమే బరువు. ఆ మహాతల్లి మాకు చలి వేస్తోందని బెంగపడి పంపింది.

అప్పుడు ఫోనులోకి ముడతలు పడ్డ చిన్న మొహం వచ్చింది. "నవ్వుకో, నవ్వుకో" అంది డాఫ్నీ గారు. "అమ్మతో నేను ఏడాది మాట్లాడలేదు. ఆకాశంలో నాకు తోడు ఆ కోటే. పోయేలోపు దాన్ని ఒక్కసారి చూడాలి. చూపిస్తావా?"

"నెల్లూరే కదండీ, వారంలో పట్టేస్తాను. దొరికితే మీకే పంపించేస్తాను" అన్నాను. నా నోటికి తాళం ఉంటే బాగుండేది.

వారం కాదు, నెలలు గడిచాయి. మిషన్ బంగళాల అటకలెక్కాను. ఆసుపత్రి స్టోరు గదుల్లో తేళ్లతో పరిచయాలు చేసుకున్నాను. ముత్తుకూరు రోడ్డులో బుల్లెట్ మీద తోలుకోటు వేసుకుని పోతున్న ఒక కాంట్రాక్టర్ని ఆటోలో తరిమి పట్టుకుంటే, "చెన్నైలో కొన్నా మేడమ్, డిస్కౌంటులో వచ్చింది, మీకూ ఒకటి తెప్పించమంటారా?" అన్నాడు. అటు జేన్‌కేమో, ఆమె ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రకటన చూసి ఎవరెవరో దొంగ ఫోటోలు పంపుతున్నారు. అది చూసి డాఫ్నీ గారు ఒక షరతు పెట్టింది: ఎవరు కోటు దొరికిందన్నా తనే ఒక ప్రశ్న అడుగుతుంది, జవాబు ఆ కోటు మాత్రమే చెప్పగలదు.

డిసెంబరు వచ్చేసరికి జేన్ గొంతు మారింది. "అత్త ఎక్కువగా నిద్రపోతోంది. ఏదైనా ఉంటే త్వరగా..." అంది. ఫోను పెట్టేసి ఏడ్చాను. ఇన్నేళ్లు ఈ వృత్తి చేసి, ఎవరెవరి వస్తువులో ఎవరెవరికో చేర్చాను. అడిగిన మనిషి బతికుండగా ఆమె వస్తువు ఆమెకు చూపించే అవకాశం ఒక్కటే వచ్చింది. అది కూడా జారిపోతోంది.

దండెం మీద చెవులు

ఇప్పుడు గొర్రె.

మా చర్చిలో ప్రతి క్రిస్మస్‌కు నాటకం ఉంటుంది. జ్ఞానులు ఎవరైనా కావచ్చు, కాపరులు ఎవరైనా కావచ్చు. గొర్రె మాత్రం ఒక్కటే. అది వేయడానికి పిల్లల మధ్య కొట్లాటలు జరుగుతాయి. ఎందుకంటే చర్చికి నిజం గొర్రెబొచ్చుతో ఒక వేషం ఉంది. దాన్ని అందరం "గొర్రె" అనే పిలుస్తాం. బొచ్చు పైకి ఉంటుంది, రెండు చెవులు, ఒక తోక. లోపల దూరిన పిల్లకు చెమటతో స్నానం అయిపోతుంది. అయినా సరే, అది వేసినవాళ్ల గీరే వేరు.

నేనూ ఒక ఏడాది గొర్రెనే. గొర్రెలకొక రహస్యం ఉంది. లోపలివైపు పొట్ట దగ్గర ఒక జేబు ఉంటుంది. పెద్దవాళ్లకు చెప్పకూడదు. దిగిపోయే గొర్రె కొత్త గొర్రె చెవిలో చెప్పాలి, అదీ ఆనవాయితీ. నేను అందులో పిప్పరమెంటు దాచుకున్నాను. బెత్లెహేము సీను మధ్యలో వెతికితే మాయం! స్టేజీ మీదే భోరున ఏడ్చాను. గొర్రెపిల్లకు ఎంత భక్తో అని జనం కళ్లు తుడుచుకున్నారు. గొర్రెకు జేబేమిటి అన్న అనుమానం ఆ వయసులో రాలేదు. తర్వాత గొర్రె గురించి ఆలోచించే పనే పడలేదు.

వేషాలన్నీ రూతక్క దగ్గరుంటాయి. నాకంటే కొంచెం పెద్దది, మాట కరుకు. వాళ్లింట్లో పాత మిషన్ బీరువాలేమైనా ఉన్నాయేమో అడుగుదామని ఆ డిసెంబరులో వెళ్లాను. పెరట్లో అడుగు పెట్టానో లేదో, కాళ్లు ఆగిపోయాయి. దండెం మీద తోలుకోటు. పైలట్ల కోటు. కాలరు దగ్గర రెండు తెల్లటి చెవులు.

"రూతక్కా! ఇది... ఇది ఎక్కడిది?"

"ఏందమ్మే సుగుణా, మతి గాని పొయ్యిందా నీకు? మన గొర్రె గదా అది! వానకి పెట్టె తడిసిపొయ్యి తోలు వైపు బూజు పట్టినాది. అందుకే తిరగేసి ఆరేసినా."

దగ్గరికెళ్లాను. చేతుల అంచులు మడిచి, నల్లదారంతో చేత్తో కుట్టారు. కుడివైపు వేరే రంగు తోలుతో ఒక జేబు. ఇలాంటి కోట్లకు ఫ్యాక్టరీ జేబులు పెట్టేది కాదు! ఎవరో కుట్టుకున్నది! "లోపల చూడు, లోపల చూడు" అని ఊరందరికీ పాఠం చెప్పిన నేను, ప్రతి క్రిస్మస్‌కు ముందు వరసలో కూర్చుని కోటు లోపలి వైపే చూస్తూ చప్పట్లు కొట్టాను. ఒక్కసారి బయటివైపు చూడాలని తోచలేదు!

రూతక్కను పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

"వొదలవే! ఈ వయసులో ఏంది ఆ ఎగురుళ్లు, మోకాళ్లు పోతాయి!"

సంగతంతా చెప్పాను. దొరికితే పంపిస్తానని మాటిచ్చానని కూడా చెప్పాను. అక్క మొహం మాడిపోయింది. దండెం మీది కోటు లాగి ఒళ్లో పెట్టుకుంది.

"చూపిస్తావా, చూపించు. పాపం, ముసలామె. పంపిస్తానంటే మాత్రం గొర్రెతో పాటు నన్ను గూడా పార్సిల్ చెయ్యి. ఇన్నేళ్లు వేపాకేసి సాకినా దీన్ని."

ఆ ప్రశ్న

మర్నాడు మధ్యాహ్నం రిహార్సలుకు చర్చి అంతా నిండింది. ఇంగ్లాండులో అప్పుడు పొద్దున. పాస్టరు గారు ఫోనును పెద్ద తెరకు కలిపి, అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పడానికి పక్కనే నిలబడ్డారు. కోటును తోలువైపు తిప్పి బల్ల మీద పరుద్దామని నేనంటే, రూతక్క ససేమిరా అంది. "గొర్రెని గొర్రె మాదిరే చూపించాల" అని ఆ ఏడు గొర్రె అయిన కెజియకు తొడిగేసింది. ఆరేళ్ల పిల్ల, ముందు పళ్లు లేవు.

తెర మీద డాఫ్నీ గారు కనిపించింది. దిండుకు ఆనుకుని ఉంది. మంచం పక్కన జేన్.

"ఇదేమిటి?" అంది ఆవిడ.

"మీ కోటండీ" అన్నాను.

"మ్యాఁ" అంది కెజియ.

డాఫ్నీ గారు కదల్లేదు. యుద్ధంలో తనకు తోడైన వస్తువుకు చెవులు కుట్టి, తోక తగిలించి చూపిస్తే ఆ మనిషికి ఎలా ఉంటుంది? ఇంతలో దిండు అదరడం మొదలైంది. ఆవిడ నవ్వుతోంది! కళ్లనీళ్లు కారేలా, దగ్గు వచ్చేలా నవ్వుతోంది. జేన్ కంగారుగా నీళ్లు పట్టింది.

"సరే, నవ్వింది చాలు" అని మూతి తుడుచుకుంది. "ఇలాంటి కోట్లు వేలున్నాయి. ప్రశ్న అడుగుతున్నాను. నా కోటు కుడి జేబుకు ఏమైంది?"

అందరూ కెజియ వైపు చూస్తున్నారు, నేను వెళ్లి జేబులో చెయ్యి పెడతానని. నేను కదల్లేదు. శివలింగం గారి గుడ్డసంచి కూడా అక్కర్లేకపోయింది. నా వేళ్లకు తెలుసు. చిన్నప్పుడు, ఆ చీకట్లో, చెమటలో, ఈ వేళ్లే వెతికాయి.

"చిల్లుందండీ!" అని అరిచాను. "లోపలి గుడ్డకు మూలలో చిల్లు! ఏం వేసినా గుడ్డకూ తోలుకూ మధ్యలోకి జారిపోతుంది! నా పిప్పరమెంటు పోయింది!"

"నా చాక్లెట్టు కూడా!" అని కెజియ ఏడుపు గొంతుతో అంది.

వెనక వరస నుంచి బట్టతల సంఘపెద్ద లేచాడు. "నాది గోళీ. ఆకుపచ్చది." పాటల బృందంలోంచి ఇంకొకాయన, "నా జీళ్లూ అంతే!" పాస్టరు గారు గొంతు సవరించుకుని, "నేను చిన్నప్పుడు... బలపం" అన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు. ఊరి గొర్రెలన్నీ లేచి నిలబడ్డాయి. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లు తమ ఒక్కరిదే పోయిందనుకున్నారు!

డాఫ్నీ గారు ఒక్కొక్కరినీ చూస్తోంది.

"నాది బార్లీ షుగర్ బిళ్ల" అంది. "రేషన్ మీద వచ్చింది. వారమంతా దాచుకుని, మబ్బుల మీదికి వెళ్లాక తిందామని చెయ్యి పెడితే లేదు. పైన ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను."

నేనూ ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, రెండూ. కానీ ఇచ్చిన మాట ఒకటుంది కదా. "పెట్టెలో భద్రంగా సర్ది రేపే పంపిస్తానండీ" అన్నాను. రూతక్క నేల చూపులు చూసింది. కెజియ రెండు చేతులతో బొచ్చును గట్టిగా పట్టుకుంది.

"పిచ్చిదానా" అంది డాఫ్నీ గారు. "పండగ వారంలో గొర్రెను ఎలా పంపిస్తావు? చూశాను, నాకది చాలు. ఒక్క మాట మాత్రం వినండి. ఆ చిల్లు ఎవరూ కుట్టకండి."

"కుట్టం" అన్నారు అందరూ, ఆమెన్ చెప్పినట్టు. కెజియ ఇంకోసారి "మ్యాఁ" అంది. ఆవిడ కూడా తిరిగి "మ్యాఁ" అంది.

ఎండాకాలం రాకముందే డాఫ్నీ గారు పోయిందని జేన్ చెప్పింది. ఆ కాల్ రికార్డింగును రోజూ పెట్టించుకుని చూసేదట.

రూతక్కకు నడుం నొప్పి ఎక్కువై, ఇప్పుడు గొర్రెను ఎండేసే పని నాకు అప్పగించింది. వేపాకు నేనే వేస్తాను. చెవులు పాతబడ్డాయి, అయినా ముట్టుకోను. జేబులో చెయ్యి పెట్టను. అది గొర్రెల వ్యవహారం.

ఈ మధ్య ఒక పెద్ద మ్యూజియం నుంచి ఫోను వచ్చింది. కుర్రవాడు చాలా మర్యాదస్తుడు. గాజు పెట్టె, ప్రత్యేకమైన వెలుతురు, అన్నీ ఏర్పాటు చేస్తారట. ఆ కోటును ఇవ్వడానికి వీలవుతుందా అని అడిగాడు.

"వీలు కాదు బాబూ" అన్నాను. "నేనే రిటైరయ్యాను. అది ఇంకా సర్వీసులోనే ఉంది."